నాలుగు మూలలూ చూసుకో

జీలుగుపుట్టు,
12 నవంబరు 2023.

మావయ్యకి స్వర్ణ వందనాలు.

నీ చెవులు ఎలా ఉన్నాయని అడగను. పోయినసారి కొండెక్కి సిగ్నలు పట్టుకుని ఫోను చేసి "బాగున్నావా" అంటే నువ్వు "ఆదివారం" అన్నావు. నేను అరిచిన అరుపులకి కింద మేకలు బెదిరిపోయాయి గానీ నీకు మాత్రం వినపడలేదు. అందుకే ఉత్తరం. టైటస్ అన్న జీపు వారం వారం నర్సీపట్నం దిగుతుంది కదా, ఆయన చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా ఆయనకే ఇయ్యి.

సంగతేమిటంటే, జోడుబండ మీది మన పోడుకి పట్టా కోసం కాగితాలు పెడుతున్నాం. గ్రామసభలో అందరూ చేతులెత్తారు. తాత ఆ కొండ చదును చేయడం చూసిన ముసలివాళ్లు వేలిముద్రలు వేశారు. ఇక మిగిలింది ఫోటోలు. పొలం ఫోటో ఒకటి, పొలంలో అమ్మానాన్నల ఫోటో ఒకటి పెట్టాలట. గాసి బాబాయి పోయినేడు ఫోనుతో తీసి పెడితే, ఫోటోలో ఏమీ కనబడటం లేదని అన్నీ తిప్పి పంపేశారు. నేనూ చూశాను ఆ ఫోటో. మిట్టమధ్యాహ్నం తీశారు. బాబాయి మొహం మసిబొగ్గు, వెనక కొండ తెల్లకాగితం. పాపం ఆయన మళ్లీ మొదటినుంచీ తిరుగుతున్నాడు.

మాకు ఉన్నది ఆ ఒక్క చెక్కే మావయ్యా. అది మనది కాదన్నారంటే నాన్న బతకడు. ఊరికే అనడం లేదు, నాకు భయంగా ఉంది. అందుకని ఫోటోలు ఎవరూ వంక పెట్టలేనట్టు రావాలి. నువ్విచ్చిన కెమెరా పెట్టెలో భద్రంగా ఉంది. ఎలా తీయాలో వివరంగా రాయి.

అమ్మ గోడ మీది పెళ్లి ఫోటో చూపించి "మా తమ్ముడు తీసినట్టు తియ్యి" అంటోంది. అదే, మన కళ్లంలో నీ స్టూడియో తెర కట్టి తీసినది. వెనక మేడ, మెట్లు, హంస. చిన్నప్పుడు నేను అమ్మ ఆ మేడలో పుట్టిందనుకునేదాన్ని.

నీ కోడలు,
స్వర్ణ.


నర్సీపట్నం,
17 నవంబరు.

చిరంజీవి స్వర్ణమ్మకి,

నీ ఉత్తరం చేరింది. ఆ రోజు నువ్వు "ఏ వారం" అన్నావు, నేను ఆదివారం అన్నాను. అందులో నా తప్పేముంది?

మీ అత్త దేవమణి పోయాక, స్టూడియో మూతపడ్డాక, ఫోటో ఎలా తీయాలని నన్ను అడిగినవాళ్లు లేరు. ఇప్పుడందరి జేబులోనూ కెమెరాయే. అందరూ తీసేవాళ్లే, ఒక్కడికీ రాదు. నువ్వు అడిగావు చూడు, నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. కాబట్టి శ్రద్ధగా చదువు.

వెలుతురు ముందు. సూర్యుడు నెత్తికొచ్చాక మనుషుల్ని తీయకు. కళ్లు గుంటలైపోతాయి, ముక్కు కింద మీసంలా నీడ పడుతుంది. గాసి ఫోటో అందుకే పోయింది. పొద్దు పొడిచిన తరువాత మొదటి గంట, లేదా పొద్దు వాలే ముందు గంట. అప్పుడు వెలుగు పక్కనుంచి మెత్తగా వస్తుంది. మన మొహాలు నల్లవి, వాటిని తెల్లటి ఆకాశం ముందు నిలబెడితే కెమెరా ఆకాశాన్ని చూసి మోసపోతుంది, మొహాన్ని చీకటి చేస్తుంది. కాబట్టి కొండ వెనక ఉండేలా నిలబెట్టు. తప్పదనుకుంటే వాళ్ల కాళ్ల ముందు తెల్ల దుప్పటి పరుచు, ఆ వెలుగు తిరిగి మొహం మీద పడుతుంది.

మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి వదిలి, అప్పుడు నొక్కు. కెమెరా కదలదు. నవ్వమని ఎవరికీ చెప్పకు. చెబితే పళ్లు కనిపిస్తాయి గానీ నవ్వు కనిపించదు. ఏదో ఒకటి మాట్లాడించు. మీ అమ్మని నా గురించి అడుగు, తిడుతూ తిడుతూ నవ్వుతుంది, అప్పుడు నొక్కు. మరీ దగ్గరికి పోకు, ముక్కులు పెద్దవి వస్తాయి. నాలుగడుగులు వెనక్కి వెళ్లి జూమ్ తిప్పు.

అన్నిటికన్నా పెద్ద మాట చెబుతాను. నొక్కేముందు నాలుగు మూలలూ చూసుకో. అందరూ మొహం ఒక్కటీ చూసి నొక్కేస్తారు. ఆ మూల ప్లాస్టిక్ డబ్బా, ఈ మూల ఎండుమోడు, మనిషి తలలోంచి మొలిచిన గుంజ, ఇవన్నీ తరువాత కనిపిస్తాయి. అక్కర్లేనిది ఏదైనా సరే, పక్కకి జరిపెయ్యి. శుభ్రంగా ఉన్న ఫోటో చూస్తే చూసినవాడికి మనసు కుదుటపడుతుంది. ఆఫీసరైనా మనిషే కదా.

మంచి బట్టలు కట్టుకోమను. మా బావ ఆ చిరుగుల బనీనుతో నిలబడితే నేను ఒప్పుకోను.

ఆశీస్సులతో,
నీ మావయ్య దైవాధీనం.


జీలుగుపుట్టు,
26 నవంబరు.

మావయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. చలికి వేళ్లు వంగలేదు గానీ తెల్లవారేసరికి ముగ్గురం జోడుబండ మీద ఉన్నాం. వలిసె చేను పూసింది, కొండంతా పసుపు. ఇంకో పక్క చోళ్లు కోసి కుప్ప వేసి నీలం టార్పాలిన్ కప్పాం. ఆ టార్పాలిన్ ఎటు తిప్పినా ఫోటోలో పడిపోతోంది. చివరికి కుప్పని కొండ అవతలికి మోసేశాం. అమ్మ తిట్టిన తిట్లు నీకు కూడా తగిలి ఉంటాయి.

నీళ్ల డబ్బా, గంప, కొడవళ్లు, పార అన్నీ తీసేశాను. కాల్చిన మోళ్ల మీద ఆకులు కప్పాను. కాపలా మంచె వంకరగా ఉంది, అది పడకుండా పక్కకి తిరిగాను. ఆవుల్ని తోలేశాం.

నాన్నతో మాత్రం గొడవైంది. నాన్న రాళ్ల కుప్ప దగ్గరే నిలబడతానన్నాడు. "ఇయ్యి మా అయ్య ఏరి పేర్సిన రాళ్లు. ఈ కొండంతా రాళ్లేనే అప్పుడు. ఇక్కడే తియ్యి" అని దాని మీద చెయ్యేసి నిలబడ్డాడు. నేను ఒక మూల నల్లగా గుట్టలా పడుతోందని చెప్పాను. వినలేదు. "నాన్నా, మావయ్య చెప్పాడు" అన్నాక, "మీ మావయ్యకి ఏటి తెలుసు రాళ్ల గురించి" అని గొణుక్కుంటూ కాస్త ఇటు వచ్చాడు. టైటస్ అన్న దగ్గర తెచ్చిన చొక్కా వేసుకున్నాడు. అమ్మ క్రిస్మస్ చీర కట్టింది. నీ గురించి అడిగాను, నువ్వు చెప్పినట్టే తిడుతూ నవ్వింది.

పాడేరులో ప్రింట్లు వేయించాను. చూసి చెప్పు. బేగి రాయి, వచ్చే నెలాఖరు దాటితే కాగితాలు తీసుకోరేమోనని నాన్న కంగారు.

స్వర్ణ.


నర్సీపట్నం,
2 డిసెంబరు.

బంగారు తల్లికి,

ప్రింట్లు చూసి భలే అని గట్టిగా అనేశాను. వినేవాళ్లు లేరనుకో. ఒసే గుంటా, నీకు కన్ను ఉంది. అది నేర్పితే వచ్చేది కాదు.

అయినా తప్పులు చెప్పకపోతే నేను మీ మావయ్యని కాను. మొదటి ఫోటోలో మీ అమ్మని మోకాళ్ల దగ్గర కోసేశావు. కీలు ఉన్నచోట ఎప్పుడూ కోయకూడదు, మనిషి కుంటి అయిపోతాడు. నడుము దగ్గర ఆపు, లేదా పాదాలతో సహా తియ్యి. నేలగీత వంకరగా ఉంది. అది ఫోటో నడిమధ్య కాకుండా కింది మూడోవంతులో పెట్టు, కొండకి ఎత్తు వస్తుంది. ఒక మూల ఇంకా రాళ్లు కనిపిస్తున్నాయి. మా బావకి నచ్చజెప్పి ఇంకా జరుపు. కింద కుడిమూల ఎర్రటి అంకెల్లో తేదీ పడుతోంది, చూశావా? అంత అందమైన పూల మీద ఆ అంకెలు పుండులా ఉన్నాయి. మెనూలోకి వెళ్లి ఆపెయ్యి.

మంచు దిగే రోజు చూసి మళ్లీ తియ్యి. మంచు ఉన్నప్పుడు కెమెరా అంతా బూడిదరంగు చేస్తుంది, మెనూలో వెలుగు ఒక గీత పెంచు. ముందు పూలు, మధ్యలో వాళ్లిద్దరూ, వెనక మంచులో జోడుబండలు. నువ్వే కూర్చుని తియ్యి, పూల ఎత్తు నుంచి. ఇంక మోళ్ల మీద ఆకులు కప్పే పని కూడా ఉండదు, అన్నిటినీ మంచే కప్పేస్తుంది.

మా పక్కవీధి సర్వేశ్వరరావు గారికి, అదే బోర్డులు, క్యాలెండర్లు అచ్చు వేసే ఆయన, నీ ఫోటో చూపించాను. ఎప్పుడూ ఒకరిని మెచ్చుకోని మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

మీ మావయ్య.


జీలుగుపుట్టు,
20 డిసెంబరు.

మావయ్యకి క్రిస్మస్ వందనాలు.

అయిపోయింది! మంచు కోసం రోజూ వెళ్లాను. ఒకరోజు అమ్మానాన్నలు తప్ప ఏమీ కనిపించనంత దిగింది, కాసేపటికి కొంచెం విడిపోయి జోడుబండల తలలు కనిపించాయి. అప్పుడు తీశాను. అంకెలు ఆపేశాను. ఈసారి నాన్న రాళ్ల మాట ఎత్తలేదు. "నీ ఇట్టం గుంటా, ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడతాను" అన్నాడు.

కాగితాలు పెట్టేశాం. ఆఫీసులో సారు ఫోటోలు చూసి "ఇది ఎక్కడమ్మా, ఇంత బాగుంది?" అని పక్క టేబులు వాళ్లని పిలిచి చూపించాడు. ఒకాయన తన ఫోనులో దాన్ని ఫోటో తీసుకున్నాడు కూడా. నాన్న అయితే బస్సులో కూర్చున్న అందరికీ చెప్పాడు, సారు మన ఫోటో చూసి లేచి నిలబడ్డాడని. లేచి నిలబడలేదు, వంగి చూశాడంతే. నేను సరిదిద్దలేదు.

ఇంటికొచ్చాక నాన్న పెళ్లి ఫోటో పక్కన ఇంకో మేకు కొట్టాడు. పట్టా వచ్చాక దాన్ని అద్దం కట్టించి అక్కడ తగిలిస్తాడట. నువ్వు లేకపోతే ఈ పని అయ్యేది కాదు మావయ్యా.

నీ స్వర్ణ.


నర్సీపట్నం,
18 ఫిబ్రవరి 2024.

స్వర్ణమ్మకి,

క్రిస్మస్ పోయింది, కొత్త సంవత్సరం పోయింది, నీ దగ్గరనుంచి ఒక్క ముక్క లేదు. టైటస్ వస్తాడు, చింతపండు మూట ఇస్తాడు, ఉత్తరం లేదంటాడు. పెద్ద ఫోటోగ్రాఫరువి అయిపోయావు, ముసలి మావయ్య ఎందుకు ఇంక. పట్టా వచ్చిన సంబరంలో ఉన్నారనుకుంటున్నాను. వచ్చినట్టు కూడా చెప్పకపోవడం మాత్రం బాగాలేదు.

సరే, నేను కోపం ఉంచుకునే మనిషిని కాదు. సర్వేశ్వరరావు గారి మిషను మీద నీ మంచు ఫోటో పెద్దది వేయించాను, తలుపంత. మా బావకి నా కానుక. టైటస్ చేత పంపుతున్నాను, మడత పడకుండా తీసుకోండి. అక్కడ ఉండగానే హోటళ్లకి, రిసార్టులకి పనులు చేయించే ఒక కాంట్రాక్టరు వచ్చి, ఆ ఫోటో ముందు నిలబడిపోయాడు. ఈ చోటు ఎక్కడ, దారి ఎలా, ఎవరైనా ఉంటారా అని అన్నీ అడిగాడు. నేను గర్వంగా చెప్పాను, పెదబయలు దాటాక మా అక్కవాళ్ల ఊరి మీదనే అని, దారి బొమ్మ గీసి ఇచ్చాను. ఫోటో కాపీ ఒకటి అడిగితే ఇచ్చాను. నీ పేరు చెప్పాను, రాసుకున్నాడు. రేపు నీకు పని దొరకవచ్చు.

మావయ్య.


జీలుగుపుట్టు,
9 మార్చి.

మావయ్యకి,

పట్టా రాలేదు. ఇవ్వలేమని రాసి పంపారు. జనవరిలోనే వచ్చింది ఆ కాగితం. నీకు రాయడానికి చేతులు రాలేదు. నువ్వు సంబరం అనుకున్నావు.

అందులో ఏముందో రాస్తాను, చదువుకో. "సమర్పించిన ఫోటోలలో సాగు ఆనవాళ్లు లేవు. పొగమంచు, అడవి పూలు, పొదలు కనిపిస్తున్నవి. ఇద్దరు సందర్శకులు ఉన్నారు. తేదీ లేదు." అంతే.

నేను పైకి చదివాను. "సందర్సకులంటే ఏటి" అన్నాడు నాన్న. చూడటానికి వచ్చినవాళ్లు అన్నాను. నాన్న లోపలికి వెళ్లి ఆ చొక్కా తీసి ఉతికి, టైటస్ అన్నకి తిరిగి ఇచ్చి వచ్చాడు.

వలిసెలు అడవి పూలట మావయ్యా! నాన్న చల్లినవి. చోడి కుప్ప ఉండి ఉంటే, మంచె ఉండి ఉంటే, పార, గంప, ఆవులు, మోళ్లు, తాత రాళ్లు, ఏ ఒక్కటి ఉన్నా సరిపోయేది. అన్నీ ఉన్నాయి. నేనే ఒక్కొక్కటీ మోసి అవతల పెట్టాను. నువ్వు జరపమన్నావు, నేను జరిపాను. నాన్న రాళ్ల మీద చెయ్యేసి నిలబడితే అక్కడినుంచి లాగేశాను. నీమీద కోపంగా ఉంది. నామీద ఇంకా ఎక్కువ ఉంది.

నువ్వు పంపిన పెద్ద ఫోటో చేరింది. మడత పడలేదు. గోడవైపు తిప్పి పెట్టాను.

మళ్లీ పెట్టుకోవచ్చట, అయితే పాతకాలపు ఆధారం కూడా కావాలట, రెండువేల ఐదుకి ముందుది. వేలిముద్రలు చాలవట.

స్వర్ణ.


నర్సీపట్నం,
13 మార్చి.

స్వర్ణమ్మా,

నన్ను తిట్టు. ఇంకా తిట్టు. కానీ ముందు ఇది చదువు, ఆలస్యం చేయకు.

నేను చెప్పినవన్నీ తిరగేసి చెయ్యి. ఎండ నెత్తి మీద ఉన్నప్పుడే తియ్యి, నీడలు ఎక్కడా ఏదీ దాచవు. మంచు వద్దు. నిలబడే తియ్యి, వీలైతే మంచె ఎక్కి పైనుంచి తియ్యి, చాళ్లు కనిపించాలి. తేదీ పెట్టు, ఎర్రగానే ఉండనీ. ప్రతి ఫోటోలోనూ జోడుబండలు పడాలి, అప్పుడు ఇది వేరే చోటు అనలేరు. రాళ్ల కుప్ప పక్కన మా బావని నిలబెట్టు, మనిషి ఉంటే కుప్ప ఎంత ఎత్తో తెలుస్తుంది. మోళ్లని దగ్గరగా తియ్యి, నరికిన గుర్తు కనబడాలి. గంప, పార, డబ్బా, టార్పాలిన్, ఆవు పేడ, ఏదీ పక్కకి జరపకు. నాలుగు దిక్కులా నాలుగు తియ్యి, ఒకదాని అంచు ఇంకోదానిలో పడేలా. చిరుగుల బనీనే వేసుకోమను.

పాత ఆధారం ఉంది కదే. మీ అమ్మ పెళ్లి ఫోటో. తొంభై తొమ్మిదిలో తీశాను, జోడుబండ మీద మీ కళ్లంలోనే. తెర అడ్డం ఉందని నువ్వంటావు. కానీ తెర కట్టకముందు కూడా ఒకటి తీశానని నాకు గుర్తు. వెలుతురు చూసుకోవడానికి. నెగెటివ్‌లు అన్నీ అటక మీద డబ్బాలో ఉన్నాయి. వెతుకుతాను. మా బావకి చెప్పు, వెతుకుతున్నానని చెప్పు.

దైవాధీనం.


జీలుగుపుట్టు,
21 మే.

మావయ్యకి,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వెళ్లాను. కొండ చుట్టూ ముళ్లతీగ కట్టేస్తున్నారు. మంచె లేదు. రాళ్ల కుప్ప ఉన్నచోట నేల మాత్రం ఉంది. ఆ రాళ్లు తీసి కిందినుంచి మెట్లు కడుతున్నారు. బాగానే కడుతున్నారు, తాత ఏరిన రాళ్లు కదా, అన్నీ ఒక్కలాంటివే. మోళ్లని యంత్రంతో పెకలించారు.

అయినా తీశాను. ఎండలో, తేదీతో, నాలుగు దిక్కులా. నాన్న తీగకి ఇవతల నిలబడ్డాడు, చిరుగుల బనీనుతో. కళ్లు గుంటలు, ముక్కు కింద నీడ. తీసుకెళ్లి చూపించాం. ఇక్కడ ఇప్పుడు సాగేమీ లేదు కదా అన్నారు. ఆ సారు మంచివాడే మావయ్యా. కుర్చీ వేశాడు, నీళ్లు ఇచ్చాడు. ఆ చోటు ఎవరి సాగులోనూ లేదని తేలాక వ్యూ పాయింటుకి ఇచ్చేశారట. పాత ఆధారం తెస్తే ఇంకోచోట ఏమైనా చూస్తామన్నాడు. పెళ్లి ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "ఇందులో పొలమేదమ్మా, మేడ ఉంది" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే వెతికాడు.

మెట్ల కింద పెద్ద బోర్డు పెట్టారు. జోడుబండ వ్యూ పాయింట్ అని. బోర్డు నిండా నా ఫోటో. అమ్మానాన్నల్ని చెరిపేశారు, వాళ్లున్నచోట పూలు పెట్టారు. అది ఆ కాంట్రాక్టరేనా మావయ్యా? నువ్వు దారి బొమ్మ గీసి ఇచ్చిన ఆయనేనా?

నెగెటివ్ దొరికిందా? నాన్న రోజూ అడుగుతున్నాడు. ఇంకేమీ అడగడు, అదొక్కటే.

స్వర్ణ.


నర్సీపట్నం,
3 జూన్.

స్వర్ణకి,

ఆయనే. వెళ్లి సర్వేశ్వరరావు గారిని పట్టుకున్నాను. ఆయనకేం తెలుసు, పని వచ్చింది, వేశాను అన్నాడు. కాంట్రాక్టరు నంబరు ఇచ్చాడు. చేశాను. ఆయన ఏదో చెప్పాడు, నాకు వినపడలేదు. మళ్లీ చేశాను. మళ్లీ వినపడలేదు.

నెగెటివ్ దొరికింది. దొరక్కపోతే బాగుండేది. తెర కట్టకముందు నేను ఫోటో తీయలేదు. తీశాననుకున్నాను, ఇన్నాళ్లూ. రీలు వృథా అవుతుందని తీయలేదు. రీలంతా మేడే, మెట్లే, హంసే. ఆ తెరని నర్సీపట్నం నుంచి జీపు మీద తెచ్చి, కొండ మీదికి ఇద్దరు మనుషుల చేత మోయించాను. గాలికి ఆగక, రెండువైపులా వెదుళ్లు పట్టుకోవడానికి మనుషుల్ని పెట్టాను.

ఒకవైపు పట్టుకున్నది మీ తాత. మా బావ సోంబరు వాళ్ల నాన్న. ప్రింటు వేసేటప్పుడు అంచు కోసేశాను గానీ నెగెటివ్‌లో ఉంది. తెర అంచున నాలుగు వేళ్లు, వెదురు పట్టుకుని. ఆయన వెనక ఆయన పొలమంతా ఉంది, నేను తెర కట్టి నిలబెట్టాను. వేళ్లు చూపిస్తే పట్టా ఇవ్వరు. ఆ ముక్క పెద్దది చేయించి పంపుతున్నాను. మీ నాన్నకి ఇయ్యి. వద్దంటే నీ దగ్గరే ఉంచు.

ఫోటోల గురించి ఇంక నీకు నేనేమీ చెప్పను. ఎవరికీ చెప్పను.

దైవాధీనం.


జీలుగుపుట్టు,
24 నవంబరు 2024.

మావయ్యకి స్వర్ణ వందనాలు.

నేను ఉత్తరం రాయలేదని నువ్వు తిండి మానేశావని టైటస్ అన్న చెప్పాడు. తిను. నామీద ఒట్టు. నాకు కోపం లేదు, ఉన్నది ఏమిటో నాకూ తెలియడం లేదు.

నాన్నకి ఆ వేళ్ల ఫోటో ఇచ్చాను. చూశాడు. "మా అయ్య సెయ్యే ఇది" అన్నాడు, చిటికెనవేలు వంకర చూపించాడు. పట్టా కోసం కొట్టిన మేకుకి తగిలించాడు.

నాకు పని దొరికింది. నువ్వన్నట్టే కాంట్రాక్టరు నా పేరు రాసుకున్నాడు కదా, ఆయనే పిలిపించాడు. వ్యూ పాయింటు దగ్గర వచ్చినవాళ్లకి ఫోటోలు తీసి ఇవ్వాలి. వద్దనుకున్నాను. వద్దంటే ఇంట్లో తినడానికి ఏముంది? నువ్వు చెప్పినవన్నీ రోజూ పనికొస్తున్నాయి. పెళ్లైన జంటల్ని వెలుగుకి ఏటవాలుగా నిలబెడతాను. పిల్లలైతే మోకాళ్ల మీద కూర్చుంటాను. గుంపుగా వస్తే ఎత్తువారీగా సర్ది, ఎవరో ఒకరు కళ్లు మూస్తారు కాబట్టి నాలుగైదు తీస్తాను. నవ్వమని చెప్పను, ఏ ఊరండీ అని అడుగుతాను. అందరూ మెచ్చుకుంటున్నారు.

అక్కడ ఇప్పుడు మళ్లీ వలిసెలు పూశాయి. ఫోటోల కోసం వేయించారు. కూలికి చల్లింది నాన్నే. గింజ కట్టినా కోయొద్దన్నారు, ఎండేదాకా అలాగే ఉంచమన్నారు. నాన్నకి అది మాత్రం మింగుడు పడటం లేదు. రోజూ వచ్చి చూసుకుంటాడు. తీగ దగ్గర కూలివాళ్లు వెళ్లే సందు ఉంది, అందులోంచి వచ్చి రాళ్ల కుప్ప ఉండే చోట నిలబడతాడు.

మొన్న ఆదివారం మంచు బాగా దిగింది. ఒక కుటుంబం వచ్చింది, అమ్మ, నాన్న, ఇద్దరు ఆడపిల్లలు. చక్కటి మనుషులు. పూలలో నిలబెట్టాను, వెనక జోడుబండలు, నేలగీత కింది మూడోవంతులో. నొక్కబోతూ నాలుగు మూలలూ చూశాను. ఎడమమూల నాన్న ఉన్నాడు, ఆ బనీనుతోనే.

నేను కెమెరా దించాను. ఆ ఇంటాయన వెనక్కి తిరిగి చూసి, "ఆ ముసలాయన పడుతున్నాడమ్మా, కొంచెం జరగమను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆయన మా నాన్న అండీ అని నోటిదాకా వచ్చింది. కాంట్రాక్టరు మనిషి అక్కడే ఉన్నాడు. సందులోంచి వచ్చాడని తెలిస్తే ఆ కూలి కూడా ఉండదు.

"కొంచెం పక్కకి జరగండి" అన్నాను. ఎవరితోనో అన్నట్టు అన్నాను.

నాన్న నావైపు చూశాడు. ఆయనకి అర్థమైంది మావయ్యా. రెండడుగులు జరిగి, "ఇక్కడికి సాలాండి?" అని అడిగాడు. పుట్టిన దగ్గరనుంచీ నన్ను అండి అని పిలవలేదు.

చాలలేదు. చెయ్యి ఇంకా పడుతోంది. "ఇంకా" అన్నాను.

ఇంకా జరిగాడు. తీగ దాటి అవతలికి వెళ్లిపోయాడు. మళ్లీ నాలుగు మూలలూ చూసుకుని నొక్కాను. ఫోటో బాగా వచ్చింది.

స్వర్ణ.